దేశంలో పోలియో లేనప్పుడు పిల్లలకు ఇంకా చుక్కలు ఎందుకు?

మన దేశంలో ఆగిన పోలియో పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో ఇంకా ఆగలేదు, అక్కడి నుంచి ఎప్పుడైనా మళ్లీ రావచ్చు కాబట్టి చుక్కలు వేస్తూనే ఉన్నారు.

మన చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతాన్నంతా పోలియోరహితంగా ప్రకటించింది. అయితే ఈ వైరస్ సోకిన సుమారు 200 మందిలో ఒక్కరికే కాళ్లు చచ్చుబడతాయి. మిగిలినవారిలో చాలామందికి జ్వరం కూడా రాదు. కానీ వాళ్ల మలంలో వారాల తరబడి వైరస్ బయటికి వస్తుంటుంది. పైకి ఆరోగ్యంగా కనిపించే మనిషిని ఏ సరిహద్దులో ఆపగలం? అందుకే మురుగునీటి నమూనాలను కూడా క్రమం తప్పకుండా పరీక్షిస్తారు.

ఆగిన పోలియో మళ్లీ ఎలా వస్తుందో తజికిస్తాన్‌లో చూశాం. మధ్య ఆసియాలోని ఈ దేశాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఐరోపా ప్రాంతంలో లెక్కిస్తుంది, ఆ ప్రాంతానికి 2002లోనే పోలియోరహిత గుర్తింపు దక్కింది. తర్వాత తజికిస్తాన్‌లో టీకాలు సరిగా అందని పిల్లలు పెరిగారు. 2010లో 450 మందికి పైగా పోలియో బారిన పడ్డారు. జన్యు పరీక్షలో ఆ వైరస్ మూలం మన ఉత్తరప్రదేశ్ వైపు చూపింది. అంటే అప్పుడు వైరస్ వెళ్లింది మన దగ్గరి నుంచే.

"మా బిడ్డకు టీకాలన్నీ వేయించాం, పల్స్ పోలియో ఆదివారం వెళ్లనక్కర్లేదు" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అదనపు చుక్కలతో హాని లేదు, పేగుల్లో రక్షణ ఇంకా గట్టిపడుతుంది. కాబట్టి అయిదేళ్లలోపు పిల్లలను, పుట్టి వారమైనా కాని పసికందుతో సహా, ఆ రోజు తప్పక తీసుకెళ్లాలి. చుక్కలు వేసి చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టడానికి నిమిషం చాలు.