ఒకే డ్రైవర్ కోడ్ అన్ని లినక్స్ కెర్నెళ్ల మీదా బిల్డ్ కావాలంటే వెర్షన్ నంబర్ చూస్తే సరిపోతుందా?

ఉబుంటు 24.04లో బిల్డ్ అవుతున్న డ్రైవర్ రెడ్ హ్యాట్ 9.4లో ఆగిపోతోందని, కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) వెర్షన్‌ని బట్టి కోడ్‌లో ఇఫ్‌లు పెట్టినా లాభం లేకపోయిందని ఒకరు అడిగారు. నేనూ ఇక్కడే రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాను.

మాది ఒక పీసీఐ కార్డు డ్రైవర్. కెర్నెల్ 6.4లో క్లాస్_క్రియేట్ అనే కెర్నెల్ ఫంక్షన్ నుంచి థిస్_మాడ్యూల్ ఆర్గ్యుమెంట్ తీసేశారు కాబట్టి, 6.4 లేదా ఆపైది అయితే కొత్త పద్ధతి, లేదంటే పాతది అని రాశాను. క్లయింటు రెడ్ హ్యాట్ 9.4 మెషీన్లో యూనేమ్ (నడుస్తున్న కెర్నెల్ వెర్షన్ చెప్పే కమాండ్) కొడితే 5.14 అని వస్తోంది. బిల్డ్ మాత్రం "టూ మెనీ ఆర్గ్యుమెంట్స్" అంటోంది. కంపైలర్‌ని అనుమానించాను, మేక్‌ఫైల్‌ని అనుమానించాను. చివరికి ఆ కెర్నెల్ హెడర్లలో (ఫంక్షన్ల రూపం రాసి ఉండే ఫైళ్లలో) క్లాస్.హెచ్ తెరిచి చూస్తే అక్కడ ఉన్నది ఒకే ఆర్గ్యుమెంటు!

రెడ్ హ్యాట్ వాళ్లు పాత నంబరు అలాగే ఉంచి, పై వెర్షన్లలోని మార్పులను వెనక్కి తెచ్చి కలుపుతారు. రెడ్ హ్యాట్ 8.1లో యాక్సెస్_ఓకే అనే మరో ఫంక్షన్ కూడా అంతే: నంబరు 4.18, తీరు 5.0ది. దీనికోసం వాళ్లే ఆర్‌హెచ్‌ఈఎల్_రిలీజ్_కోడ్ అనే మాక్రో (కంపైల్ అయ్యేటప్పుడు ఇఫ్‌లలో చూసుకోగల పేరు) ఇస్తారు, అది వాడొచ్చు. కానీ డిస్ట్రోలు (ఉబుంటు, రెడ్ హ్యాట్ లాంటి లినక్స్ రకాలు) పెరిగిన కొద్దీ మీ ఇఫ్‌ల తోక పెరుగుతూనే ఉంటుంది.

అందుకే నేను నంబరును అడగడం మానేసి హెడర్లనే అడుగుతున్నాను. క్లాస్_క్రియేట్‌ని ఒక్క ఆర్గ్యుమెంటుతో పిలిచే నాలుగు లైన్ల సి ఫైలు రాసి, అసలు బిల్డుకు ముందు అదే కెర్నెల్ మేక్‌తో కంపైల్ చేయిస్తాను. పాసైతే ఒక మాక్రో డిఫైన్ అవుతుంది. ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాళ్లు ఏళ్లుగా చేస్తున్నది ఇదే. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: ముందు ఏమీ లేని ఖాళీ మాడ్యూల్ కంపైల్ అవుతోందో లేదో చూడండి. హెడర్లు సరిగా ఇన్‌స్టాల్ కాకపోతే ప్రతి పరీక్షా ఫెయిలై, కెర్నెల్ పాతదేమో అనిపిస్తుంది.

ఆ మాక్రోలన్నీ కంపాట్.హెచ్ అనే ఒక్క ఫైల్లోనే ఉండనివ్వండి. డ్రైవర్ లోపల మాత్రం ఎప్పుడూ కొత్త కెర్నెల్ పద్ధతిలోనే రాయండి, పాత కెర్నెళ్లకు కావలసిన తొడుగు కంపాట్.హెచ్ వేస్తుంది. పాత కెర్నెల్‌కి సపోర్ట్ ఆపేసిన రోజు ఆ ముక్క ఒక్కటి చెరిపేస్తే చాలు.

మీ మేక్‌ఫైల్లో యూనేమ్ ఉంటే అదీ చూసుకోండి. కొత్త కెర్నెల్ ఇన్‌స్టాల్ అవుతుండగా డీకేఎంఎస్ (కొత్త కెర్నెల్ కోసం డ్రైవర్లను మళ్లీ బిల్డ్ చేసే టూల్) బిల్డ్ మొదలుపెడుతుంది, అప్పటికి నడుస్తున్నది ఇంకా పాత కెర్నెలే, యూనేమ్ దాన్నే చెబుతుంది. డీకేఎంఎస్ ఇచ్చే కెర్నెల్ సోర్స్ డైరెక్టరీనే వాడండి.

పరీక్షించడానికి అన్ని మెషీన్లూ అక్కర్లేదు. ఒక్కో డిస్ట్రో కంటైనర్లో (ఒకే మెషీన్ మీద విడిగా నడిపే డిస్ట్రో వాతావరణంలో) కెర్నెల్ హెడర్ల ప్యాకేజీ వేసి మేక్ కొట్టండి. బూట్ చేయకుండానే ఇలాంటి బిల్డ్ ఎర్రర్లు బయటపడతాయి.