షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లు తిప్పతీగ కషాయం రోజూ తాగొచ్చా?

మీ అమ్మగారికి షుగర్, థైరాయిడ్ రెండూ ఉన్నాయి, ఇమ్యూనిటీ కోసం రోజూ పరగడుపున తిప్పతీగ కషాయం తాగుతానంటున్నారు, పరవాలేదా అని అడిగారు. రోజూ అయితే వద్దంటాను. అలాగని నాకు తిప్పతీగంటే పడదని కాదు, మా ఇంట్లో ముందునుంచీ వాడుతున్నదే.

మా పెరటి వేపచెట్టుకు ఈ తీగ అల్లుకుని ఉండేది. వేప మీద పాకినదానికే గుణం ఎక్కువని నానమ్మ నమ్మకం, ఆయుర్వేద వైద్యులూ అదే అంటారు. జ్వరం విడవకుండా సతాయిస్తుంటే కాస్త ముదిరిన కాడ కోసి, పైనున్న ఉల్లిపొరలాంటి తొక్క గోటితో గీరేసి, లోపలి పచ్చటి కాడను దంచేది. నాలుగు గ్లాసుల నీళ్లు గ్లాసుకు వచ్చేదాకా మరిగించి ఇచ్చేది. ఆ చేదు ఓ పట్టాన నాలుకను వదలదు. కాడను దంచి, నీళ్లలో నానబెట్టి పిసికి, వడకట్టి, అడుగున పేరుకున్న తెల్లటి పిండిని ఎండబెడితే తిప్పసత్తు. బుట్టెడు కాడ దంచినా వచ్చేది చెంచాల్లోనే, అందుకే దాన్ని దాచుకుని వాడేవాళ్లు.

ఇదంతా జ్వరం ఉన్న నాలుగు రోజుల వైద్యం. రసాయనంగా, అంటే ఒంటికి బలమిచ్చే మందుగా, ఎక్కువకాలం ఇవ్వడం ఆయుర్వేదంలో ఉంది కానీ, అది మనిషిని చూసి మోతాదు చెప్పే వైద్యుడి పని. ఎవరికి వారే నెలల తరబడి తాగడం కరోనా టైములో పెరిగింది.

మా పెద్దమ్మా అలాగే మొదలుపెట్టింది. కొన్నాళ్లకు ఆకలి పోయింది, కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం ముదురు రంగులో వచ్చింది. టెస్టు చేస్తే, లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్జీపీటీ బాగా పెరిగి ఉంది. డాక్టరు కషాయం ఆపించారు, మెల్లగా తగ్గింది. కారణం కచ్చితంగా అదేనని ఆయన కూడా అనలేదు లెండి. కానీ పెద్దమ్మకూ థైరాయిడ్ ఉంది, అందుకే మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది.

2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు. తర్వాత 2022లో దేశంలోని పలు ఆస్పత్రుల నుంచి 43 మంది వివరాలు వచ్చాయి. చాలామందిలో ఒంటి రక్షణ వ్యవస్థే లివర్ మీద తిరగబడినట్టు కనిపించింది. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. తిప్పతీగ సురక్షితమేనని, దాన్ని పోలిన మరో జాతి తీగ కలిసిపోయి ఉండొచ్చని అంది. ఆ జాతి కాడ బూడిద రంగులో, నిండా బుడిపెలతో ఉంటుంది, విరిస్తే పాలు కారతాయి. మన తిప్పతీగ కాడ ఆకుపచ్చగా ఉంటుంది, పాలు రావు. తీగ చేతిలో ఉంటే పోల్చుకోవచ్చు, పొడిగా కొంటే ఎవరు మాత్రం చెప్పగలరు?

థైరాయిడ్ తక్కువగా ఉండేవాళ్లలో చాలామందికి అసలు కారణం ఆటోఇమ్యూన్ సమస్యే, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడటం. అలాంటివాళ్లకు ఇమ్యూనిటీని రెచ్చగొట్టే మందు అంత మంచిది కాదు. అమ్మగారిది ఆ రకమో కాదో డాక్టర్ని అడగండి, యాంటీ టీపీఓ అనే రక్తపరీక్షతో తెలుస్తుంది. ఇక షుగర్ సంగతి: తిప్పతీగకూ షుగర్ తగ్గించే గుణం ఉంది, మాత్రలతో కలిస్తే మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే వెంటనే షుగర్ చూడండి.

ఇప్పటికే తాగుతుంటే ఆపించి, ఒకసారి ఎల్ఎఫ్టీ అనే లివర్ రక్తపరీక్ష చేయించండి. డాక్టరుకు వేసుకునే మాత్రలతో పాటు ఈ కషాయం సంగతి కూడా చెప్పండి, ఆకుమందే కదా అని చాలామంది చెప్పరు.