మొదటి ఏడాది పిల్లలకు నీలిరంగు సీసా పాఠం

అనంతపురం

అమ్మాయికి ఆశీస్సులు.

డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు క్లాసులోనే ప్రయోగాలు చూపిస్తూ కెమిస్ట్రీ చెప్పాలని ఉందని రాశావు. మంచిదే. కానీ గంటకు ఒక్క ప్రయోగమే పెట్టుకో. ఐదారు చూపిస్తే గారడీ చూసినట్టు చప్పట్లు కొట్టి పోతారు, బుర్రలో ఒక్కటీ నిలవదు.

మొదటి క్లాసుకు నీలిరంగు సీసా ప్రయోగం తీసుకో, ఊపితే నీలమై, కదపకుండా ఉంచితే రంగు పోయే ద్రావణం అది. లీటరు కోనికల్ ఫ్లాస్కులో 300 మి.లీ. నీళ్లు పోసి, 8 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ (ఇదే మన క్షారం) బిళ్లలు కొద్దికొద్దిగా వేసి కరిగించు. బిళ్లలు కాగితం మీద తూచొద్దు, చెమ్మ పట్టి అంటుకుపోతాయి. ఫ్లాస్కు వేడెక్కుతుంది. అది చల్లారాకే 10 గ్రాముల గ్లూకోజ్ వెయ్యి. వేడి మీద వేస్తే క్షారానికి గ్లూకోజ్ చెడి ద్రావణం పసుపుకు, తర్వాత గోధుమరంగుకు తిరుగుతుంది. ముందురోజే కలిపి పెట్టుకున్నా అదే గతి. చివర్లో మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు 0.1 శాతం ద్రావణం 5 మి.లీ. పొయ్యి. బాటనీ ల్యాబులో అడిగి చూడు, ఉంటుంది. గ్లూకోజ్ కిరాణా కొట్టుదైనా సరే, రంగూ రుచీ కలపనిది చూసుకో. చక్కెర మాత్రం పనికిరాదు, దానికి క్షయకరణ గుణం, అంటే ఎదుటిదానికి ఎలక్ట్రాన్లు ఇచ్చే గుణం, లేదు.

మన ఊళ్లో దెబ్బతినేది నీళ్ల దగ్గరే. బోరునీళ్లలో క్షారం పడగానే కాల్షియం కార్బొనేట్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ తెల్లటి మడ్డిగా దిగుతాయి. పిల్లలు ఆ మడ్డినే ప్రయోగం అనుకుంటారు. డిస్టిల్డ్ వాటర్ లేకపోతే బ్యాటరీ నీళ్లు కొను. అదే కొట్లో బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు, క్యాను మీద చీటీ చదివి మరీ తెచ్చుకో.

బిరడా రబ్బరుదే ఉండాలి. గాజుదైతే క్షారానికి పట్టేసి ఊడిరాదు. కళ్లద్దాలు, గ్లౌజులు నీకు తప్పనిసరి. ఊపేటప్పుడు బిరడా నొక్కిపట్టు. వెనక తెల్ల చార్టు పెడితే చివరి బెంచీకి కూడా రంగు తెలుస్తుంది.

కదపకుండా ఉంచితే నిమిషం అటూఇటుగా నీలం పోతుంది. ఊపితే మళ్లీ వస్తుంది. ఇక్కడ నోరు కట్టేసుకో. ఆక్సిజన్ మాట ఎత్తావో, ఆ గంట వృథా. ఎందుకొచ్చిందో నోటుబుక్కులో రాయమను. ఊపిన ఊపుకు వచ్చిందని కొందరు, అడుగున ఉన్నది పైకి కలిసిందని కొందరు రాస్తారు. ఏదీ తప్పనకుండా అన్నీ బోర్డు మీదికి ఎక్కించు.

తర్వాత అదే ద్రావణాన్ని ఒక చిన్న సీసాలో అంచుదాకా, గాలిబుడగ లేకుండా నింపి బిగించు. పోసేటప్పుడు గాలి తగిలి నీలం ఎక్కుతుంది, అది పోయేదాకా ఆగు. ఇప్పుడు ఎంత ఊపినా రంగు రాదు. సగం వంపేసి మూతపెట్టి ఊపు, వస్తుంది. ఊపు వల్ల కాదు, గాలి వల్ల అని వాళ్లే అంటారు. గాలిలో ఏది అని అడుగు. గ్లూకోజ్ రంగును క్షయకరణం చేసి పోగొడుతోందని, కరిగిన ఆక్సిజన్ దాన్ని ఆక్సీకరణం చేసి తిరిగి తెస్తోందని అప్పుడు బోర్డు మీద సమీకరణం రాయి, అంతకుముందు వద్దు.

చాలాసార్లు ఊపాక రంగు రాకపోతే కంగారుపడకు. సీసాలో ఆక్సిజన్ అయిపోయి ఉంటుంది, బిరడా తీసి గాలి మార్చు. డిసెంబరు ఉదయం కన్నా ఏప్రిల్ మధ్యాహ్నం నీలం బాగా తొందరగా పోతుంది, కాబట్టి క్లాసు జరిగే హాల్లోనే, అదే వేళకు ముందుగా ఒకసారి చేసి చూసుకో. ఆ తేడానే ఇంకో రోజు చర్యా వేగానికి పాఠం చేసుకోవచ్చు: రెండు ఫ్లాస్కులు, ఒకటి గోరువెచ్చటి నీళ్లలో, ఇంకొకటి ఐసులో.

వచ్చే వారానికి కడప బండ ముక్క ఒకటి, గ్రానైట్ ముక్క ఒకటి తెప్పించి పెట్టు. బండ సున్నపురాయి కదా, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క పడితే పొంగుతుంది, గ్రానైట్ పొంగదు. బండను పొడి చేస్తే ఇంకా జోరుగా పొంగుతుంది. అయితే పొయ్యకముందే ఏది పొంగుతుందో రాయించు.

మిగిలిన నీలి ద్రావణాన్ని అట్లే సింకులో వంపొద్దు. సజల ఆమ్లం కొద్దికొద్దిగా కలిపి, క్షారం విరిగిందో లేదో లిట్మస్ కాగితంతో చూసుకుని, నీళ్లు ధారాళంగా వదులుతూ పొయ్యమని అటెండరుకు చెప్పు.