పెద్ద రిఫ్రాక్టర్ కొనాలనుకునేవారికి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కటకాల టెలిస్కోపుతో, అంటే రిఫ్రాక్టర్‌తో, ఆకాశాన్ని ఫొటో తీసే పాఠకుల నుంచి కొంతకాలంగా వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిన్నదాని నుంచి పెద్దదానికి మారడం గురించే ఉంటున్నాయి. వాటిలో అయిదింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నా దగ్గర 80 మి.మీ. వ్యాసం, 480 మి.మీ. నాభ్యంతరం ఉన్న రిఫ్రాక్టర్ ఉంది. మూడేళ్లుగా దానితోనే నీహారికలను ఫొటో తీస్తున్నాను. ఇప్పుడు 150 మి.మీ. వ్యాసం, 1050 మి.మీ. నాభ్యంతరం ఉన్న ట్రిప్లెట్, అంటే మూడు కటకాల రిఫ్రాక్టర్, కొనాలని ఉంది. పెద్ద కటకం కాబట్టి తక్కువ సమయంలోనే మంచి చిత్రాలు వస్తాయని ఆశ. నా కెమెరా పిక్సెల్ 3.76 మైక్రాన్లు. మౌంటు (టెలిస్కోపును మోస్తూ ఆకాశం వెంట తిప్పే పీఠం) 20 కిలోలు మోస్తుంది, కొత్త టెలిస్కోపు బరువు 14 కిలోలు. ఇది సరిపోతుంది కదా?

జవాబు: మౌంటు సంగతి మీరు చివర అడిగారు గాని, జవాబు అక్కడి నుంచే మొదలుపెట్టాలి. తయారీదారు రాసిన 20 కిలోలు ఆ మౌంటు మోయగల బరువే తప్ప, ఫొటోకు కావలసినంత నిలకడగా మోయగల బరువు కాదు. ఈ పనిలో ఆరితేరినవారు ఆ అంకెలో సగం దగ్గర, మహా అయితే అరవై శాతం దగ్గర ఆగిపోతారు. పైగా మీరు చెప్పిన 14 కిలోలు ఒట్టి గొట్టానివి. రింగులు, అడుగు పట్టీ, చిత్రం అంచుల్లోనూ నక్షత్రాలు స్పష్టంగా వచ్చేలా చేసే ఫీల్డ్ ఫ్లాటెనర్, కెమెరా, ఫిల్టర్ల చక్రం, ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంటు తప్పులను సరిదిద్దించే గైడ్ కెమెరా, మంచు పట్టకుండా చుట్టే హీటర్ పట్టీ, వైర్లు అన్నీ ఎక్కేసరికి అది 18 కిలోలకు దగ్గరపడుతుంది.

బరువుకన్నా పొడవు మరీ చిక్కు. బరువు అంతే ఉండి పొడవు రెట్టింపైన గొట్టాన్ని కదపడానికైనా, కదులుతున్నదాన్ని ఆపడానికైనా నాలుగింతల జడత్వాన్ని ఎదుర్కోవాలి. ముందు తొడుగు బయటికి లాగాక మీటరుకు మించి పొడవుండే గొట్టం చివర చిరుగాలి తగిలినా చాలు, ఆ కదలిక మౌంటు పళ్లచక్రాల దాకా వెళుతుంది. కొనేముందు ఎవరి దగ్గరైనా అలాంటి టెలిస్కోపును మీ మౌంటు మీద పెట్టి చూసే వీలుంటే ఒక పని చేయండి. కెమెరా తెరమీద ఒక నక్షత్రాన్ని పెద్దది చేసి ఉంచి, గొట్టం ముందు చివరను వేలితో మెల్లగా తట్టండి. నక్షత్రం ఒకటి రెండు సెకన్లలో కుదురుకుంటే ఆ జోడీ మీద నమ్మకం పెట్టుకోవచ్చు. నాలుగైదు సెకన్లు ఊగుతూనే ఉంటే, గాలి వీచిన ప్రతిసారీ ఆ ఊపు మీ చిత్రంలో చేరుతుందని అర్థం.

ఇప్పుడు లెక్క చూద్దాం. 206ను పిక్సెల్ మైక్రాన్లతో గుణించి, నాభ్యంతరం మిల్లీమీటర్లతో భాగిస్తే, ఒక్కో పిక్సెల్ ఆకాశంలో ఎన్ని ఆర్క్ సెకన్లను (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) చూస్తుందో తెలుస్తుంది. మీ పాత టెలిస్కోపులో అది సుమారు 1.6, కొత్తదానిలో 0.74. భూమి తిరుగుడు వల్ల ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్ల చొప్పున జరిగిపోతూ ఉంటుంది, మౌంటు దాన్ని రాత్రంతా వెంబడించాలి. ఆ వెంబడింపులో ఒకటిన్నర ఆర్క్ సెకన్ల తప్పు వస్తే పాత చిత్రంలో అది ఒక్క పిక్సెల్‌లోనే ఇమిడిపోయేది. కొత్తదానిలో అదే తప్పు రెండు పిక్సెళ్లకు పాకి, గుండ్రని నక్షత్రాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి సాగదీస్తుంది. మూడేళ్లుగా మిమ్మల్ని ఎన్నడూ ఇబ్బంది పెట్టని మౌంటు మొదటి రాత్రే చెడిపోయినట్టు కనిపించేది ఇందుకే. నిజానికి దానికేమీ కాదు, ఇన్నాళ్లూ కనబడని తప్పు ఇప్పుడు కనబడుతుంది, అంతే.

వెలుతురు విషయంలో మీ ఆశ సగం నిజం. 150 మి.మీ. కటకం 80 మి.మీ. కటకం కన్నా మూడున్నర రెట్లు వెలుతురును పోగుచేస్తుంది. అయితే పొడవైన నాభ్యంతరం ఆ వెలుతురును మరింత పెద్ద బొమ్మగా పరుస్తుంది. నాభ్యంతరాన్ని వ్యాసంతో భాగిస్తే వచ్చే ఎఫ్ సంఖ్య ప్రకారం మీ పాతది ఎఫ్/6, కొత్తది ఎఫ్/7. కాబట్టి నీహారిక లాంటి పరుచుకున్న వస్తువు నుంచి ఒక్కో పిక్సెల్‌కు చేరే వెలుతురు కొత్తదానిలో నాలుగింట మూడు వంతులే. ముడి ఫ్రేము తెరిచి చూసినప్పుడు అది మునుపటికన్నా మసకగా ఉందని నిరుత్సాహపడకండి. అదే నీహారికను రెండు చిత్రాల్లోనూ ఒకే కొలతకు తెచ్చి పోల్చినప్పుడు పెద్ద కటకం పోగుచేసిన అదనపు వెలుతురు కనిపిస్తుంది. చిన్న గెలాక్సీలకు, గ్రహ నీహారికలకు, గోళాకార గుచ్ఛాలకు ఈ మార్పు నిజంగా గొప్ప మేలు చేస్తుంది. కాని చిత్రానికి వెచ్చించే గంటలు మాత్రం తగ్గవు.

ఇంకొక్క మాట. పైనున్న గాలి కదలికల వల్ల సాధారణమైన రాత్రుల్లో నక్షత్రం రెండు మూడు ఆర్క్ సెకన్ల మేరకు పరుచుకునే ఉంటుంది. 0.74 ఆర్క్ సెకన్ల పిక్సెల్ దానికి ఇప్పటికే సరిపోయినంత సన్నం. దీనికన్నా చిన్న పిక్సెళ్లున్న కెమెరా కోసం ఖర్చుపెట్టకండి. డబ్బు రెండింటికీ చాలకపోతే మౌంటు ముందు కొనండి, కటకం తరువాత కొనవచ్చు. మంచి మౌంటు మీద మీ 80 మి.మీ. టెలిస్కోపు కూడా ఇంకా బాగా పనిచేస్తుంది. చాలని మౌంటు మీద 150 మి.మీ. టెలిస్కోపు పెడితే రెండూ వృథా అవుతాయి.

ప్రశ్న: 150 మి.మీ. ఆక్రోమాట్ రిఫ్రాక్టర్ ట్రిప్లెట్ ధరలో చిన్న వంతుకే దొరుకుతోంది. కంటితో చూస్తే బాగానే ఉంది. ఫొటోలకు పనికిరాదా?

జవాబు: రంగు కెమెరాతో తీసే మామూలు చిత్రాలకు పనికిరాదు. రెండు కటకాల ఆక్రోమాట్ రెండు రంగులను ఒకేచోట కేంద్రీకరిస్తుంది, మిగిలిన రంగులు, ముఖ్యంగా ఊదా, కాస్త అటూ ఇటూగా పడతాయి. మన కన్ను ఊదాను అంతగా పట్టించుకోదు గాని కెమెరా సెన్సార్ పట్టించుకుంటుంది. అందుకే కంటికి తెల్లగా కనిపించిన ప్రతి ప్రకాశవంతమైన నక్షత్రం చుట్టూ చిత్రంలో ఊదారంగు వలయం వస్తుంది. ఎఫ్ సంఖ్య అదే ఉండి వ్యాసం పెరిగేకొద్దీ ఈ దోషం కూడా పెరుగుతుంది. ప్రత్యేకమైన గాజుతోనో ఫ్లోరైట్ స్ఫటికంతోనో చేసే ట్రిప్లెట్ల ధర అంత ఎక్కువగా ఉండేది ఈ రంగుల తేడాను సెన్సార్ గుర్తించలేనంతగా తగ్గించడం కోసమే.

అయితే ఒక దారి ఉంది, దాన్ని చాలామంది తలచుకోరు. నలుపు తెలుపు కెమెరా ముందు హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టర్ పెడితే 656.3 నానోమీటర్ల దగ్గరున్న ఒక్క సన్నని ఎరుపు మాత్రమే లోపలికి వస్తుంది. వచ్చేది ఒకే రంగు అయినప్పుడు రంగులు విడిపోయే సమస్యే ఉండదు. 500.7 నానోమీటర్ల ఆక్సిజన్ ఫిల్టర్‌కు మారినప్పుడు మళ్లీ ఫోకస్ చేసుకోవాలి, అంతే. ఎరుపు నీహారికల మీదే మీకు మక్కువ ఉంటే ఆ టెలిస్కోపు మిమ్మల్ని నిరాశపరచదు. గెలాక్సీలు కావాలంటే మాత్రం దాని జోలికి పోకండి.

ప్రశ్న: ఈ రోజుల్లో పెద్ద పరిశోధనాలయాలు కటకాలను వదిలేసి అద్దాలనే ఎందుకు వాడుతున్నాయి? అద్దాలే మేలైతే మేము రిఫ్రాక్టర్ ఎందుకు కొనాలి?

జవాబు: కటకాన్ని అంచుల దగ్గర మాత్రమే పట్టుకోగలం, వెలుతురు దాని గుండా పోవాలి కాబట్టి వెనక నుంచి ఆసరా ఇవ్వలేం. అద్దానికైతే వెనక అంతటా ఆసరా ఇవ్వవచ్చు. కటకం వ్యాసం మీటరుకు చేరేసరికి గాజు తన బరువుకు తానే వంగిపోతుంది, దాని మందం వల్ల కొంత వెలుతురును మింగేస్తుంది కూడా. 1897లో పనిచేయడం మొదలుపెట్టిన అమెరికాలోని యెర్కీస్ పరిశోధనాలయపు 102 సెం.మీ. రిఫ్రాక్టర్ ఆ దారిలో చివరి మజిలీ. పరిశోధనకు నికరంగా వాడిన రిఫ్రాక్టర్లలో అంతకన్నా పెద్దది మళ్లీ రాలేదు.

మీరు కొనబోయే కొలతల్లో ఆ ఇబ్బందులేవీ లేవు. అద్దాల టెలిస్కోపులోలా దారి మధ్యలో రెండో అద్దం, దాన్ని పట్టి ఉంచే పట్టీలు అడ్డు ఉండవు కాబట్టి నక్షత్రాల చుట్టూ ముళ్లలాంటి గీతలు రావు. అమరిక రవాణాలో అంత తేలికగా చెదరదు. విశాలమైన ఆకాశ భాగాన్ని అంచుదాకా ఒకే నాణ్యతతో చూపించడం కటకాలకు సులువు. అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ పాలపుంతలోని చీకటి నీహారికలను 1905లో ఫొటో తీసింది 25 సెం.మీ. కటకాలున్న బ్రూస్ టెలిస్కోపుతోనే. ఆయన రోజుల్లో గైడ్ కెమెరాలు లేవు. ఒక్కో ప్లేటుకు గంటల తరబడి కన్ను ఐపీసు దగ్గరే ఉంచి, నక్షత్రం దారాల కూడలి నుంచి జారకుండా చేత్తో సర్దుతూ కూర్చున్నారు. ఆ చిత్రాలను చూసినప్పుడల్లా నాకు చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

వెలుతురుకు పెట్టే ఖర్చే మీకు ముఖ్యమైతే మాత్రం అదే డబ్బుకు ఇంకా పెద్ద అద్దం వస్తుందన్నది కాదనలేని మాట.

ప్రశ్న: సాయంత్రం గుండ్రంగా ఉన్న నక్షత్రాలు, చలి పెరిగేకొద్దీ మూడు మూలలుగా మారుతున్నాయి. గైడింగ్ బాగానే ఉంది. ఫోకస్ ఎంత సరిచేసినా పోవడం లేదు. కటకం చెడిపోయిందా?

జవాబు: చెడిపోలేదు, నొక్కుకుపోతోంది. గైడింగ్ తప్పైతే నక్షత్రం ఒక దిక్కుకు సాగుతుంది, మూడు మూలలు రావు. కటకాలను పట్టి ఉంచే అల్యూమినియం చట్రం చలికి గాజుకన్నా ఎక్కువగా సంకోచిస్తుంది. కటకాన్ని మధ్యకు సర్దే బిందువులు చాలా టెలిస్కోపుల్లో మూడు ఉంటాయి కాబట్టి ఆ నొక్కుడు మూడు వైపుల నుంచి పడి, నక్షత్రం త్రిభుజంలా మారుతుంది.

దీన్ని నేను స్వయంగా అనుభవించాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఒక చలికాలం రాత్రి, మీకు కనిపించినట్టే నా ట్రిప్లెట్‌లోనూ త్రిభుజాలు కనిపించాయి. మరునాడు ముందు తొడుగు తీసి, కటకాన్ని బిగించి ఉంచే రింగును కొద్దిగా, అంటే పావు చుట్టుకన్నా తక్కువే, వదులుచేశాను. ఆ రాత్రి త్రిభుజాలు పోయాయి. కాని టెలిస్కోపును ఆకాశంలో తూర్పు నుంచి పడమరకు తిప్పినప్పుడు లోపల కటకం సన్నగా చప్పుడు చేస్తూ జరిగింది. ఆ తరువాత ఫోకస్ దాటించి చూస్తే నక్షత్రపు వలయాలు ఒకవైపుకు ఒరిగిపోయి ఉన్నాయి. ట్రిప్లెట్‌లో మూడు గాజుల కేంద్రాలు ఒకే గీత మీద నిలవాలి, వెంట్రుక మందం తేడా వచ్చినా చిత్రం చెడుతుంది. దాన్ని తిరిగి సరిచేయించడానికి గొట్టాన్ని పరీక్షా బల్ల, కొలత పరికరాలు ఉన్నచోటికి పంపవలసి వచ్చింది. ఆ సీజనంతా నాకు చిత్రాలే లేవు.

కాబట్టి కటకాన్ని పట్టి ఉంచే రింగును, స్క్రూలను ముట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ముందు చేయవలసింది వేరే ఉంది. వెచ్చని గది నుంచి గొట్టాన్ని నేరుగా చలిలోకి తెచ్చి వెంటనే తీయడం మొదలుపెట్టకండి. అంత మందమైన మూడు గాజులు చల్లబడడానికి గంట, ఒక్కోసారి రెండు గంటలు పడుతుంది, ఆ మధ్యలో చట్రం ముందే బిగుసుకుపోతుంది. సూర్యాస్తమయం కన్నా ముందే బయట పెట్టండి. హీటర్ పట్టీని కటకం అంచున సన్నని వేడి మీద ఉంచండి, అది మంచునే కాదు, చట్రం అతిగా సంకోచించడాన్ని కూడా కొంత ఆపుతుంది. ఇదంతా చేశాక కూడా త్రిభుజాలు మిగిలితే, ఫోకస్‌కు అటూ ఇటూ తీసిన నక్షత్రపు చిత్రాలతో, అప్పటి ఉష్ణోగ్రతతో సహా తయారీదారుకు రాయండి. చలిలో మాత్రమే వచ్చే దోషాన్ని వెచ్చని గదిలో పరీక్షించి బాగుందని తిప్పిపంపే ప్రమాదం ఉంది కాబట్టి ఉష్ణోగ్రత తప్పక రాయాలి.

ప్రశ్న: పెద్దది కొన్నాక నా చిన్న 80 మి.మీ. రిఫ్రాక్టర్‌ను అమ్మేయవచ్చా? లేక పెద్దదాని వీపు మీద గైడ్ స్కోపుగా, అంటే గైడ్ కెమెరా పెట్టే చిన్న టెలిస్కోపుగా, బిగించుకోనా?

జవాబు: రెండూ వద్దు. గైడ్ స్కోపుగా బిగిస్తే మౌంటు మీద మరో మూడు నాలుగు కిలోలు పడతాయి. పైగా రెండు గొట్టాలు గంటలు గడిచేకొద్దీ వేరువేరుగా వంగుతాయి కాబట్టి, గైడ్ కెమెరా అంతా బాగుందని చూపిస్తున్నా అసలు చిత్రం జరిగిపోతూనే ఉంటుంది. ఇంత నాభ్యంతరానికి ప్రధాన టెలిస్కోపులోని వెలుతురునే కొంత పక్కకు మళ్లించే ఆఫ్ యాక్సిస్ గైడర్ సరైనది. గైడ్ నక్షత్రాన్ని వెతుక్కోవడంలో మొదటి కొన్ని రాత్రులు విసుగు పుట్టిస్తుంది, తరువాత అలవాటవుతుంది.

ఇక అమ్మడం గురించి. ఆండ్రోమెడా గెలాక్సీ ఆకాశంలో సుమారు మూడు డిగ్రీలు పరుచుకుని ఉంటుంది. 1050 మి.మీ. నాభ్యంతరం దగ్గర 23.5 మి.మీ. వెడల్పున్న సెన్సార్‌కు 1.3 డిగ్రీలకు మించి పట్టదు. అంటే నడిమి భాగం, కొన్ని ధూళి చారలు తప్ప గెలాక్సీ మొత్తం రాదు, ముక్కలు ముక్కలుగా తీసి అతికించుకోవాలి. మీ 80 మి.మీ. నాభ్యంతరం 480 ప్రాంతంలో ఉంటే అదే సెన్సార్ మీద 2.8 డిగ్రీలు వస్తాయి, చివరి మసక అంచులు తప్ప గెలాక్సీ దాదాపు అంతా ఒకే ఫ్రేములో కూర్చుంటుంది. పెద్ద గొట్టాన్ని ఒక్కరే ఎత్తి మౌంటు మీద పెట్టలేని రాత్రులు, మబ్బుల మధ్య రెండు గంటలే దొరికే రాత్రులు కూడా వస్తాయి. అలాంటప్పుడు పది నిమిషాల్లో సిద్ధమయ్యే చిన్న టెలిస్కోపే బయటికి వస్తుంది. దాన్ని ఉంచుకోండి, దాని ఫ్లాటెనర్‌ను, కెమెరాకు మధ్య పెట్టే రింగులను పెద్దదాని వాటితో కలపకుండా వేరే పెట్టెలో పెట్టి, ఒక్కోదాని మందం మిల్లీమీటర్లలో చీటీ మీద రాసి అతికించండి.