క్రోన్స్ మందు తొలిదశ పరీక్షకు ఆరోగ్యవంతులు వెళ్ళవచ్చా?

మీ తమ్ముడికి క్రోన్స్ వ్యాధి (పేగుల్లో వాపు, పుండ్లు తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉంది, మీకు ఏ జబ్బూ లేదు, కొత్త మందు తొలిదశ పరీక్షకు పేరు ఇవ్వవచ్చా అని అడిగారు. నేను ఇచ్చి వచ్చినవాడిని.

మాది విశాఖపట్నం, మద్దిలపాలెం. మా చెల్లెలికి మొదట పేగుల క్షయ అనుకుని ఆరు నెలలు మందులు వాడించారు. క్రోన్స్, పేగుల క్షయ రెండూ ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉంటాయి, మన దేశంలో డాక్టర్లకు ఇది తరచూ ఎదురయ్యే చిక్కే. మళ్ళీ కొలొనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేశాక క్రోన్స్ అని తేలింది. ఆమె బాధ చూస్తూ ఊరికే కూర్చోలేక ఇలాంటి తొలిదశ పరీక్షకు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్ళాను.

తొలిదశలో చూసేది మందు జబ్బును తగ్గిస్తుందా అని కాదు. ఎంత మోతాదు వరకు ఒంటికి పడుతుంది, రక్తంలో ఎంతసేపు ఉంటుంది అని. దానితో మీ తమ్ముడికి ఇప్పుడే మేలు జరుగుతుందని ఆశ పెట్టకండి.

మా జట్టులో ఎనిమిది మందిమి. మొదటి రోజు ఇద్దరికే ఇచ్చారు, అందులో ఒకటి మందు లేని బిళ్ళ. ఏది ఎవరిదో మాకు తెలియదు. ఒక రోజు ఆగాక మిగిలినవారికి. ఈ జాగ్రత్త ఎందుకో డాక్టరుగారు చెప్పారు. 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్ 1412 అనే మందును ఆరుగురికి కొద్ది నిమిషాల తేడాతో వరసగా ఎక్కిస్తే, ఆరుగురూ ఐసీయూ పాలయ్యారు. ప్రాణాలైతే దక్కాయి.

బిళ్ళ మింగాక నర్సు నాలుక ఎత్తించి, టార్చి వేసి చూసింది. ఆ రాత్రి నాకు కడుపులో కొద్దిగా నొప్పి. చెబితే పంపించేస్తారు, డబ్బు పోతుంది, ఊరుకోమన్నాడు పక్క మంచం కుర్రవాడు. నేను చెప్పాను. అలాంటి నొప్పి తెలుసుకోవడానికే కదా మమ్మల్ని అక్కడ ఉంచింది! మనం దాచిన నొప్పి రేపు మా చెల్లెలిలాంటి వాళ్ళ మీద పడుతుంది. ఇంత గట్టిగా చెబుతున్నది అందుకే.

వెళ్ళేముందు ఆ పరీక్ష సీటీఆర్ఐలో (మన దేశంలో మందుల పరీక్షలను నమోదు చేసే జాబితా) నమోదైందా, పాల్గొనేవారి భద్రత, హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా చూసుకోండి. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని కొత్త మందుల పరీక్షలపై మన ప్రభుత్వం తెచ్చిన 2019 నిబంధనలు చెబుతున్నాయి. ఎప్పుడైనా మానుకునే హక్కు మీది. సమ్మతి పత్రం తెలుగులో అడిగి తీసుకుని, ఇంట్లో తమ్ముడితో కలిసి చదవండి. అర్థం కాని వాక్యం కింద గీత గీయండి. నా పత్రంలో పదకొండు గీతలు పడ్డాయి. పదకొండింటికీ జవాబు వచ్చాకే సంతకం పెట్టాను.