నోట్స్ యాప్‌కి డబ్బు కట్టాలా, వేరేదానికి మారాలా, ముందు విండోస్ మార్చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: కావలిలో ఎరువుల షాపు నడుపుతున్నారు. పార్టీల బాకీలు, డీలర్లతో మాట్లాడిన మాటలు, బిల్లుల ఫొటోలు, ఇంటి సంగతులు అన్నీ ఏళ్ల తరబడి ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్‌లోనే పెట్టుకున్నారు. ఇప్పుడు ఫ్రీ అకౌంట్ కొత్త నోటు రాయనివ్వడం లేదు. లాప్‌టాప్ చూస్తే విండోస్ 10. దేనికి ముందు డబ్బు పెట్టాలి?

నేను ఒంగోలులో జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. చీమకుర్తి గ్రానైట్ యూనిట్లు, టంగుటూరు వైపు పొగాకు వ్యాపారులు ఎక్కువగా వస్తారు. ఎవరికి ఏ నోటీసు ఎప్పుడొచ్చింది, ఏం జవాబిచ్చాం అన్నది క్షణంలో దొరక్కపోతే నా పని ఆగిపోతుంది. అందుకే ఈ విషయంలో నాకు కొంచెం పట్టింపు ఎక్కువ. నా మాట ఒక్కటే, ఇంకా దేనికీ డబ్బు కట్టకండి. ముందు మీ నోట్సన్నీ బయటికి తీసి చూసుకోండి.

ఎవర్‌నోట్ ఫ్రీ ప్లాన్‌ను 2023 డిసెంబర్‌లో 50 నోట్లు, ఒక నోట్‌బుక్‌కి కుదించారు. అంతకు మించి ఉన్న పాత నోట్లు పోవు. చదవచ్చు, దిద్దవచ్చు, ఎగుమతి కూడా చేసుకోవచ్చు. కాబట్టి టెన్షన్ పడి ఈ రాత్రికే ఏడాది ప్లాన్ కొనేయక్కర్లేదు. కంప్యూటర్‌లో యాప్ తెరిచి నోట్‌బుక్‌ని ఎక్స్‌పోర్ట్ చేస్తే ఎనెక్స్ ఫైలు, అంటే ఎవర్‌నోట్ సొంత రకం ఫైలు వస్తుంది. దాన్ని జాప్లిన్ అనే నోట్స్ యాప్ నేరుగా తీసుకుంటుంది, ఆబ్సిడియన్ అనే ఇంకో యాప్ తన ఇంపోర్టర్ ప్లగిన్‌తో (అదనంగా జోడించుకునే చిన్న ప్రోగ్రామ్) తీసుకుంటుంది. రెండూ ఉచితమే. ముందు ఒక్క నోట్‌బుక్‌తోనే చేసి చూడండి. బిల్లు ఫొటోలు వచ్చాయా, పట్టికలు చెదిరాయా, నోటు రాసిన అసలు తేదీ మిగిలిందా, తెలుగు ఒత్తులు సరిగ్గా ఉన్నాయా అన్నవి కళ్లతో చూసుకోవాలి. ఇంపోర్ట్ పూర్తయిందని మెసేజ్ రాగానే పాతది డిలీట్ చేసేవాళ్లను చూశాను, అంత తొందర వద్దు.

నేను ఆబ్సిడియన్ వాడుతున్నాను. నోట్లన్నీ నా హార్డ్ డిస్కులో మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి. రేపు ఆ కంపెనీ లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. ఫోన్లో, కంప్యూటర్లో ఒకే నోట్లు కనిపించేలా చేసే వాళ్ల సింక్ కావాలంటే మాత్రం డబ్బు కట్టాలి. మీలాగా షాపులో ఫోన్లోనే ఎక్కువ రాసేవాళ్లకు మైక్రోసాఫ్ట్ వాళ్ల వన్‌నోట్ యాప్ తేలిక. ఆ నోట్లు ఇంటర్నెట్‌లో దాచే వన్‌డ్రైవ్‌లో ఉచిత అకౌంట్‌కి 5 జీబీ స్థలం ఇస్తారు. కాకపోతే బిల్లుల ఫొటోలు అందులోనే వేస్తూ పోతే అది తొందరగా నిండుతుంది. అసలు బిల్లులు నోట్స్ యాప్‌లో ఉండాల్సినవి కావు. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు, బిల్లులు ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. వాటిని పీడీఎఫ్ చేసి సంవత్సరం వారీగా వేరే ఫోల్డర్లో పెట్టండి, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంచండి.

సర్దడం గురించి ఎక్కువ ఆలోచించకండి. ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే రాసిన మనకే దారి తప్పుతుంది. షాపు, ఇల్లు, పాతవి అని మూడు చాలు. శ్రద్ధ పెట్టాల్సింది నోటు పేరు మీద. నేను తేదీని సంవత్సరంతో మొదలుపెట్టి రాస్తాను, తర్వాత పార్టీ పేరు, తర్వాత విషయం: 2025-07-14, ఫలానా ట్రేడర్స్, నోటీసు. అలా రాస్తే వరస దానంతటదే కుదురుతుంది. మన తెలుగువాళ్లకు ఉన్న ఇబ్బంది వెతకడంలో. ఒకచోట బాకీ, ఇంకోచోట బాకి, మరోచోట అదే మాట ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తాం. వెతికినప్పుడు ఒకటే దొరుకుతుంది, మిగతావి లేవనుకుంటాం. ఎక్కువగా వాడే మాటలు ఒక పదో పదిహేనో తీసుకుని, వాటిని ఇలాగే రాయాలని ఒక నోటులో పెట్టి పైన పిన్ చేసుకోండి. షాపులో కుర్రాడు రాసినా అదే పద్ధతి. డీటీపీ సెంటర్లో అను ఫాంటులో కొట్టించిన పాత కాగితాలుంటే యూనికోడ్‌లోకి (ఫోన్లో, కంప్యూటర్లో మామూలుగా వాడే తెలుగు అక్షరాల్లోకి) మార్చాకే పెట్టండి, లేకపోతే సెర్చ్‌కి అవి అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలే.

ఇక అప్‌గ్రేడ్లు. మా టంగుటూరు పార్టీ ఒకాయన, "ఏంది సార్, రోజూ ఎర్ర చుక్క చూపించి భయపెడతారు" అంటాడు. అప్‌డేట్ చేయమనే ఆ చుక్కల్లో రెండు రకాలున్నాయి. సెక్యూరిటీ అప్‌డేట్లను ఆపకూడదు. కొత్త వెర్షన్లు, కొత్త హంగులు మాత్రం మన వీలు చూసుకుని వేసుకోవచ్చు.

మీ విండోస్ మొదటి రకం కిందికొస్తుంది. విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. బ్యాంకు, జీఎస్టీ పాస్‌వర్డ్లు కొట్టే లాప్‌టాప్ అది, కాబట్టి డబ్బు పెట్టే విషయంలో నోట్స్ యాప్ కంటే దీన్నే ముందు చూడండి. విండోస్ 11కి టీపీఎం 2.0 (లాప్‌టాప్ లోపల ఉండే భద్రతా చిప్), కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు కావాలి. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి పైవే పనికొస్తాయి. మైక్రోసాఫ్ట్ పీసీ హెల్త్ చెక్ యాప్ మీ లాప్‌టాప్ సరిపోతుందో లేదో చెప్పేస్తుంది. సరిపోకపోయినా ఎలాగోలా వేసిస్తామనే షాపులుంటాయి, ఒప్పుకోకండి. అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. దానికంటే 2026 అక్టోబర్ 13 వరకు విండోస్ 10కి ఉన్న పొడిగింపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకుని, ఈలోగా కొత్త లాప్‌టాప్‌కి డబ్బు సర్దుకోవడం మేలు.

లెక్కలకు టాలీ సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంకో జాగ్రత్త. టాలీప్రైమ్ 3.0కి మార్చిన డేటా పాత వెర్షన్లో తెరుచుకోదు. కంపెనీ డేటా కాపీ తీసి, ఆ కాపీ నిజంగా తెరుచుకుంటోందని చూశాకే మార్చండి. ఏ రోజు మార్చాలన్నది కూడా చూసుకోవాలి. నెలవారీ వాళ్లకు 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20న 3బీ (పన్ను కట్టే రిటర్ను) గడువులు. మూడు నెలలకోసారి వేసేవాళ్లకు మన రాష్ట్రంలో 3బీ గడువు 22. అందుకే మా ఆఫీసులో ఏ అప్‌గ్రేడైనా 23 తర్వాతే. పొగాకు వేలం నడిచే నెలల్లో అసలు ముట్టుకోం.

ఎవర్‌నోట్‌కి డబ్బు కట్టడం తప్పేం కాదు. వెబ్ పేజీలు రోజూ దాచుకుంటూ, మూడు నాలుగు పరికరాల్లో వాడేవాళ్లకు గిట్టుబాటే. మీ వాడకానికి నాకైతే అవసరం కనపడటం లేదు. లాప్‌టాప్ మోడల్, ప్రాసెసర్ పేరు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (కంప్యూటర్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటిది) వాడతారా లేదా అన్నది ఇక్కడే రాయండి. టోకెన్ ఉంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) విండోస్ 11లో పనిచేస్తుందో లేదో ముందే చూడాలి.