యూరప్ బడ్జెట్ అంకెలు చూసి అప్పు చేయొద్దు, ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: నా వయసు 31. సొంతూరు గుంటూరు. 14 నెలలుగా స్టుట్‌గార్ట్‌లో, కార్ల విడిభాగాల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. బ్లూ కార్డు (నిపుణులకు యూరప్‌లో ఇచ్చే ఉద్యోగ, నివాస అనుమతి) మీద వచ్చాను. నెలకు 3,450 యూరోలు చేతికొస్తాయి. పాపకు ప్రభుత్వం ఇచ్చే భత్యం కిండర్‌గెల్డ్ 259. నా భార్య ఉద్యోగం చేయడం లేదు. ఖర్చులన్నీ కలిపి 2,900 దాకా అవుతున్నాయి. బ్యాంకులో 4,000 యూరోలు ఉన్నాయి. యూరప్ ప్రభుత్వాలు రక్షణ మీద 80,000 కోట్ల యూరోలు పెట్టబోతున్నాయి కదా! 7 శాతం వడ్డీకి, 84 నెలలకు, 30,000 యూరోల వ్యక్తిగత రుణం తీసుకుని రక్షణ రంగ ఈటీఎఫ్ (ఆ రంగం షేర్లన్నిటినీ కలిపి కొనే ఫండ్) కొందామనుకుంటున్నాను. చాలకపోతే నాన్నగారు బంగారం తాకట్టు పెట్టి 12 లక్షలు పంపుతానన్నారు. బ్యాంకు ఆఫరు ఈ నెలాఖరు వరకే. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. ఆ ఆఫరు గడువు దాటిపోనివ్వండి. మీకు నష్టమేమీ లేదు.

జర్మనీ, నెదర్లాండ్స్, ఐర్లండ్‌లలో ఉంటున్న మనవాళ్ల నుంచి ఈ మధ్య ఇలాంటి ప్రశ్నలు తరచుగా వస్తున్నాయి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. ప్రభుత్వ ప్రాధాన్యం మారిందన్న వార్తను షేరు చిట్కాలా చదవడం ఒక పొరపాటు. చేతిలో అత్యవసర నిధి లేకుండా అప్పు తెచ్చి దాని మీద పందెం కాయడం అంతకంటే పెద్ద పొరపాటు. మీరు రెండూ ఒకేసారి చేయబోతున్నారు.

ముందు ఆ 80,000 కోట్ల సంగతి చూద్దాం. అది బ్రస్సెల్స్‌లో సిద్ధంగా ఉన్న సొమ్ము కాదు. 2025 మార్చిలో యూరోపియన్ కమిషన్ ప్రకటించిన ప్రణాళికలో 65,000 కోట్లు ఒట్టి అంచనా. సభ్యదేశాలు రక్షణ ఖర్చును జీడీపీలో 1.5 శాతం మేర పెంచుకుంటే, అప్పుల నిబంధనల నుంచి సడలింపు ఇస్తే, నాలుగేళ్లలో అంత అవుతుందని వేసిన లెక్క అది. మిగిలిన 15,000 కోట్లు ‘సేఫ్’ పథకం కింద దేశాలకు ఇచ్చే రుణాలు. దీనికి అదే ఏడాది మే నెలలో ఆమోదం వచ్చింది. అంటే ఆ అంకెలో ఎక్కువ భాగం ఆయా దేశాలు ఇంకా చేయాల్సిన అప్పే. 2024లో యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు మాజీ అధిపతి మారియో ద్రాగీ ఇచ్చిన నివేదికలోనూ 75,000 నుంచి 80,000 కోట్ల అంకె ఉంది. అది ఏటా అదనంగా కావాల్సిన మొత్తం పెట్టుబడి, అందులో ప్రైవేటు సొమ్మూ కలిసి ఉంది. ఈ రెంటినీ కలిపేసి ప్రచారం చేసే వీడియోలు చాలా ఉన్నాయి. 2028-34 యూరోపియన్ బడ్జెట్‌కు దాదాపు 2 లక్షల కోట్ల యూరోలన్నది కమిషన్ ప్రతిపాదన. అది నిలవాలంటే 27 దేశాలూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి, యూరోపియన్ పార్లమెంటు సమ్మతించాలి.

జర్మనీ నిర్ణయం మాత్రం గట్టిదే. 2025 మార్చిలో రాజ్యాంగాన్ని సవరించి, జీడీపీలో 1 శాతం దాటిన రక్షణ ఖర్చును అప్పుల పరిమితి నుంచి తప్పించారు. మౌలిక వసతులకు, వాతావరణ లక్ష్యాలకు 12 ఏళ్లలో వాడేలా 50,000 కోట్ల ప్రత్యేక నిధి పెట్టారు. జూన్‌లో హేగ్‌లో నాటో దేశాలు 2035 నాటికి 5 శాతం లక్ష్యం పెట్టుకున్నాయి. అందులో అసలు రక్షణకు 3.5, అనుబంధ వసతులకు 1.5. కానీ ప్రకటనకూ కంపెనీ ఆదాయానికీ మధ్య చాలా దూరం ఉంటుంది. జర్మనీలో 2.5 కోట్ల యూరోలు దాటిన ప్రతి సైనిక కొనుగోలూ బుండెస్టాగ్ (జర్మన్ పార్లమెంటు) బడ్జెట్ కమిటీ ముందుకు వెళ్లాలి. ఆ తర్వాత ఒప్పందం, తయారీ, సరఫరా, చివరికి బిల్లు. 2022 ఫిబ్రవరిలో ప్రకటించిన 10,000 కోట్ల సైనిక నిధి నుంచి ఆ ఏడాది దాదాపు ఏమీ ఖర్చు కాలేదు. షేర్లు మాత్రం అంతవరకు ఆగలేదు. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు 100 యూరోల చుట్టూ ఉన్న జర్మన్ ఆయుధాల కంపెనీ రైన్‌మెటాల్ షేరు 2025లో 1,500 దాటింది. మీరు చదివిన వార్త ధరలోకి ఎప్పుడో ఎక్కేసింది. ఇప్పుడు కొనేవాళ్లు రాబోయే పదేళ్ల ఆర్డర్లకు ముందే డబ్బు కడుతున్నారు. మధ్యలో ఒక కాల్పుల విరమణ వార్త వస్తే చాలు, ఒక్క రోజులోనే ఈ షేర్లు బాగా పడతాయి.

యూరప్ ప్రాధాన్యాల జాబితాలో మీరు చూడని పేజీ ఇంకొకటి ఉంది. అది మీ జీతానికి సంబంధించింది. 2035 నుంచి కొత్త కార్ల కర్బన ఉద్గారాలు పూర్తిగా ఆగాలని చట్టం చేశారు. 2025 డిసెంబరులో కమిషన్ దాన్ని 90 శాతం తగ్గింపుకు మార్చాలని ప్రతిపాదించింది. 2025 లక్ష్యాన్ని ఒకే ఏడాదిలో కాకుండా మూడేళ్ల సగటుగా అందుకోవచ్చని అంతకుముందే సడలించారు. ఇంజిను ఎంతకాలం ఉంటుందో, బ్యాటరీ ఎప్పుడు పూర్తిగా వస్తుందో తేలక విడిభాగాల కంపెనీలు రెండువైపులా ఖర్చు పెట్టలేక మనుషులను తగ్గిస్తున్నాయి. మీ పక్కనున్న బాష్ 2025 సెప్టెంబరులో 13,000 ఉద్యోగాల కోత ప్రకటించింది. జడ్‌ఎఫ్ 2028 చివరికి జర్మనీలో 14,000 దాకా తగ్గిస్తానని ముందే చెప్పింది. మీ ఉద్యోగం సరిగ్గా ఈ రంగంలోనే ఉంది. కోతలో ఎవరిని ఉంచాలన్న లెక్కలో సర్వీసు, వయసు, కుటుంబ బాధ్యత, వైకల్యం చూస్తారు. భార్యాబిడ్డలున్నందుకు మీకు కొంత బలం ఉంది కానీ 14 నెలల సర్వీసు చాలా తక్కువ.

ఇప్పుడు ఉద్యోగం పోయిందనుకుని లెక్క వేద్దాం. 12 నెలలకు పైగా బీమా చందా కట్టారు కాబట్టి నిరుద్యోగ భృతి వస్తుంది. కానీ మీ 14 నెలలకు వచ్చేది 6 నెలల భృతే. 12 నెలలు రావాలంటే 24 నెలలు కట్టి ఉండాలి. పాప ఉంది కాబట్టి నికర జీతంలో 67 శాతం, అంటే సుమారు 2,300. కిండర్‌గెల్డ్ కలిపితే 2,560 లోపే. 2,900 ఖర్చుకు నెలకు 340 తక్కువ పడుతుంది. బిగించుకుంటే గట్టెక్కవచ్చు. దానిమీద ఈ రుణం ఈఎంఐ 453 యూరోలు వేయండి. లోటు 800 అవుతుంది. మీ 4,000 ఐదు నెలల్లో ఖాళీ.

ఇంకో ప్రమాదం ఉంది. కంపెనీ వాళ్లు పిలిచి, కొంత పరిహారం ఇస్తాం, పరస్పర అంగీకారంతో విడిపోదామని ఒక కాగితం ముందు పెడతారు. దాన్ని ఆఫ్‌హేబుంగ్స్‌ఫెర్‌ట్రాగ్ అంటారు. సంతకం చేస్తే ఉద్యోగం మీరే వదులుకున్నట్టు లెక్కగట్టి 12 వారాలు భృతి ఆపే అవకాశం ఎక్కువ. పైగా వచ్చే మొత్తం రోజుల్లోనూ కోత పడుతుంది. ఆ మూడు నెలలు 2,900 ఖర్చు, 453 కిస్తీ, వచ్చేది 259 మాత్రమే. మీ 4,000 ఆరు వారాలు కూడా రావు. ఇస్తామన్న పరిహారం ఏడాది సర్వీసుకు సగం నెల జీతమన్న మామూలు లెక్కలో ఉంటే మీకు అరనెల జీతం కంటే కొద్దిగా ఎక్కువ వస్తుంది, అంతే. ఆ కాగితం మీద అక్కడికక్కడ సంతకం పెట్టకండి. ఇంటికి తెచ్చుకుని కార్మిక చట్టం తెలిసిన లాయరుకు చూపించండి. కంపెనీయే తొలగింపు నోటీసు ఇస్తే కోర్టుకు వెళ్లడానికి మూడు వారాలే గడువు. ఉద్యోగం పోతుందని తెలిసిన మూడు రోజుల్లో ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. ఉద్యోగం ఆగిన విషయం రెండు వారాల్లో విదేశీయుల కార్యాలయానికి చెప్పాలి.

ఆ కార్యాలయం సంగతి అసలు మర్చిపోకూడదు. బ్లూ కార్డు తీసుకుని రెండేళ్లు నిండనివాళ్లకు యూరోపియన్ నిబంధనలు ఇచ్చే రక్షణ 3 నెలల నిరుద్యోగం వరకే. రెండేళ్లు దాటితే 6 నెలలు. ఆలోపు ఇంకో ఉద్యోగం దొరక్కపోతే కార్డు రద్దయ్యే ప్రమాదం ఉంది. మీరు తీసుకోబోయేది ఏడేళ్ల అప్పు. కార్డు గడువు ఎంత ఎక్కువైనా నాలుగేళ్లే. దేశం వదిలి వచ్చినంత మాత్రాన అప్పు వదిలిపోదు.

ఇంటి సంగతీ చూడండి. మొదటి రెండేళ్లలో చట్టం ప్రకారం కంపెనీ ఇవ్వాల్సిన నోటీసు నాలుగు వారాలే. ఒప్పందంలో ఎక్కువ రాసుకున్నారేమో చూసుకోండి. అద్దె ఇల్లు వదలాలంటే మాత్రం మీరు మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. జీతం ఆగాక కూడా అద్దె నడుస్తూనే ఉంటుంది. మూడు నెలల అద్దె దాకా ఉండే డిపాజిట్ ఇల్లు ఖాళీ చేసిన రోజే చేతికి రాదు, నెలలు పడుతుంది. ముగ్గురికి టికెట్లు, సామాను ఖర్చు దీనికి అదనం. భారత్‌లో ఉన్నవాళ్లకు మూడు నెలల నిధి చాలంటారేమో. బ్లూ కార్డు మీద ఉన్నవాళ్లకు, ఒక్క జీతం మీద నడిచే ఇంటికి, ఆరు నెలలకు తగ్గడానికి వీల్లేదు. మీ లెక్కలో అది 17,400. 18,000 అనుకోండి.

మీకు నెలకు 800 మిగులుతున్నాయి. ఇప్పుడున్న 4,000కు కలుపుకుంటూ పోతే సుమారు 18 నెలల్లో చేరుకుంటారు. జీతం పడిన రోజే ఆ 800 వేరే బ్యాంకులోని టాగెస్‌గెల్డ్ (ఎప్పుడైనా డబ్బు తీసుకోగల పొదుపు) ఖాతాకు వెళ్లిపోయేలా స్టాండింగ్ ఆర్డర్ పెట్టండి. జీతం ఖాతాలోనే ఉంచితే అది నిధి కాదు, ఖర్చవుతుంది. బ్యాంకుకు లక్ష యూరోల వరకు డిపాజిట్‌కు రక్షణ ఉంది. వడ్డీ తక్కువని బాధపడొద్దు. బోనస్ వస్తే మొత్తం ఇందులోకే. గుంటూరుకు పంపే డబ్బు కూడా నిధి నిండే వరకు సగానికి తగ్గించగలరేమో ఇంట్లో మాట్లాడండి. ఖర్చు పెరిగినప్పుడల్లా లక్ష్యాన్ని కూడా పెంచండి.

అప్పు లెక్క కూడా ఒకసారి చూడండి. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు డిపాజిట్ రేటును 2025 జూన్ కల్లా 2 శాతానికి దించింది. మీకు ఇస్తానన్నది మాత్రం 7 శాతానికి. 84 నెలల్లో మీరు కట్టేది సుమారు 38,000. అందులో వడ్డీ 8,000. షేర్లు కొనడానికి చేసిన అప్పు వడ్డీని లాభంలోంచి తీసేసి చూపించడానికి జర్మనీ పన్ను చట్టం ఒప్పుకోదు. లాభం మీద 26.375 శాతం పన్ను, షేర్ల ఈటీఎఫ్ కాబట్టి 30 శాతం మినహాయింపు పోగా 18.5 శాతం లోపు. దంపతులకు ఏడాదికి 2,000 యూరోల వరకు ఉండే మినహాయింపు దాటాక, వడ్డీతో సమానం కావడానికే ఈటీఎఫ్ ఏటా 8.6 శాతం పెరగాలి. అంతవరకు మీకు మిగిలేది సున్నా. కొన్ని బ్యాంకుల ఒప్పందాల్లో ఈ డబ్బుతో షేర్లు కొనకూడదన్న షరతు కూడా ఉంటుంది. ఉద్యోగం పోతే బీమా ఉందని ధైర్యం చెబితే షరతులు చదవండి, నిరుద్యోగానికి వేచి ఉండే కాలం ఉంటుంది. అసలు 2025 నుంచి రుణ బీమాను రుణంతో పాటు అదే రోజు అంటగట్టకూడదు, వారం ఆగాలి. ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే 14 రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు. డబ్బు వాడిన రోజులకు వడ్డీతో అసలు 30 రోజుల్లో తిరిగి కట్టాలి. ఆ గడువు దాటితే ముందస్తు చెల్లింపు రుసుము మిగిలిన అప్పులో 1 శాతం మించదు. ఇప్పుడు తీసుకుని తర్వాత చూద్దామనే ఆలోచన మాత్రం వద్దు.

బీమా కూడా మర్చిపోయారు. అనారోగ్యంతో పని ఆగిపోతే ఆరు వారాలు కంపెనీ జీతం, తర్వాత ఆరోగ్య బీమా సంస్థ స్థూల జీతంలో 70 శాతం (నికర జీతంలో 90 శాతం మించకుండా) ఇస్తాయి. అది ఒకే జబ్బుకు మూడేళ్లలో 78 వారాలు దాటదు. ఆ తర్వాత వచ్చే ప్రభుత్వ వైకల్య పింఛనుకు సాధారణంగా ఐదేళ్ల చందా ఉండాలి. మీకు 14 నెలలే ఉంది. భారత్‌లో చేసిన ఈపీఎఫ్ సర్వీసును రెండు దేశాల సామాజిక భద్రతా ఒప్పందం కింద కలిపి లెక్కించే వీలుంది కాబట్టి పాత పత్రాలు, యూఏఎన్ జాగ్రత్త చేయండి. అయినా దాని మీద ఆధారపడకుండా, నిధి మూడో వంతు చేరగానే పని చేయలేని స్థితికి వర్తించే ప్రైవేటు పాలసీ, 3 లక్షల యూరోల టర్మ్ పాలసీ తీసుకోండి. పాత జబ్బులు దాచిపెట్టకుండా రాయండి.

పెట్టుబడా? నిధి నిండాక నెలకు 200 యూరోలతో ప్రపంచ మార్కెట్లంతటికీ వర్తించే ఈటీఎఫ్, చాలు. ఎన్‌ఆర్‌ఈ (ప్రవాసులు భారత్ బ్యాంకుల్లో తెరిచే ఖాతా) డిపాజిట్ చేస్తే భారత్‌లో వడ్డీకి పన్ను లేదు గానీ జర్మనీలో ఆ వడ్డీని రిటర్నులో చూపించాలి.

వచ్చే ఏడు నెలల్లో మీకు వచ్చే అసలు లాభం వేరే ఉంది. బ్లూ కార్డుదారుకు జర్మన్ భాషలో బీ1 (మధ్యస్థ) స్థాయి ఉంటే 21 నెలల పింఛను చందాతో శాశ్వత నివాసం వస్తుంది. ఏ1 (ప్రాథమిక స్థాయి) మాత్రమే ఉంటే 27 నెలలు. అది చేతికొచ్చాక ఉద్యోగం పోయినా వీసా పోదు. మీరు ఇప్పుడు 14వ నెలలో ఉన్నారు. ఈ వారమే మీ ఊళ్లోని వయోజన విద్యా కేంద్రం ఫోక్స్‌హోఖ్‌షూలెలో సాయంత్రపు తరగతిలో చేరండి. బీ1 పరీక్షకు, ‘లెబెన్ ఇన్ డాయిచ్‌లాండ్’ (జర్మనీ చట్టాలు, సమాజం మీద) పరీక్షకు తేదీలు ముందే బుక్ చేయండి, ఆలస్యం చేస్తే నెలల తరబడి ఖాళీ దొరకదు.

ఇక బంగారం. విదేశాల్లో పెట్టుబడి కోసం ఎల్‌ఆర్‌ఎస్ (భారత్ నుంచి విదేశాలకు డబ్బు పంపే పథకం) కింద పంపే డబ్బుకు మన బ్యాంకులు అప్పు ఇవ్వకూడదన్నది ఆర్‌బీఐ నిబంధన. కారణం వేరేగా రాయించి నాన్నగారి చేత ఆ పని చేయించకండి. బంగారం ధర పడితే ఆయన మీదే అదనపు సొమ్ము కట్టమని ఒత్తిడి వస్తుంది, కట్టలేకపోతే వేలం. ఈరోజే ఫోన్ చేసి, నగలు బ్యాంకుకు తీసుకెళ్లొద్దని చెప్పండి.